క్లబ్ బోర్డులో మామూలు సభ్యులకు ఒక సీటు: ఎలా సాధించాలి?

అందరికీ నమస్తే. జర్మనీలో ఒక ఫుట్‌బాల్ క్లబ్‌లో ఓటు హక్కున్న సభ్యుణ్ని. 50+1 నిబంధన పుణ్యమా అని, టీమ్‌ను నడిపే కంపెనీలో ఓట్ల మెజారిటీ సభ్యుల సంఘానిదే. కాగితం మీద రాజులం మేమే! కానీ మేనేజ్‌మెంట్‌పై కన్నేసి ఉంచే సూపర్‌వైజరీ బోర్డుకు ఎవరు పోటీ చేయాలో ఎలక్షన్ కమిటీ ముందే వడపోస్తుంది. చివరికి బ్యాలెట్‌లో మిగిలేది స్పాన్సర్లు, లాయర్లే. గోల్‌పోస్ట్ వెనక నిలబడి తొంభై నిమిషాలు అరిచేవాళ్ల పేరు ఒక్కటీ ఉండదు.

మన మనిషి ఉన్నా మన మాట వింటాడా అన్నది ఇంకో తలనొప్పి. 2023 డిసెంబర్‌లో జర్మన్ లీగ్‌లోకి బయటి ఇన్వెస్టర్‌ను తీసుకోవాలా వద్దా అని క్లబ్‌ల ఓటింగ్ జరిగింది. దానికి ముందు హానోవర్ 96 అనే క్లబ్ సభ్యుల సంఘం, తమ కంపెనీ మేనేజింగ్ డైరెక్టర్‌ను ఇన్వెస్టర్‌కు వ్యతిరేకంగా ఓటేయమంది. అది రహస్య ఓటు కావడంతో ఆయన ఎటు వేశారన్నదే పెద్ద రచ్చయింది.

క్లబ్ బైలాస్‌లో (నియమావళిలో) బోర్డు సీట్లలో ఒక సీటు మామూలు సభ్యులకు కేటాయించాలని ప్రతిపాదన పెట్టబోతున్నాం. సవరణకు సాధారణంగా పోలైన ఓట్లలో నాలుగింట మూడు వంతులు కావాలి. సర్వసభ్య సమావేశానికి వచ్చేదేమో గుప్పెడు మంది.

ఇలాంటిది నెగ్గించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? కమిటీ వడపోత లేకుండా నేరుగా ఎన్నుకునేలా, అవసరమైతే వెనక్కి పిలిచేలా ఎలా రాయించారు? నమూనా ఉంటే పెట్టండి ప్లీజ్, నా జర్మన్ అంతంతమాత్రమే.