చలికాలం దిగులుకి ఏ విటమిన్ వేసుకోవాలి? ఎడ్మంటన్‌కి కొత్తగా వచ్చినవాళ్ళ ప్రశ్న (పేర్ల బదులు: సొంత ఊరు – ఇప్పుడు ఉంటున్న ఊరు)

పర్లాకిమిడి – ఎడ్మంటన్

అందరికీ నమస్కారం. పెళ్ళయ్యాక సెప్టెంబరులో మావారితో ఇక్కడికి, కెనడాకి వచ్చాను. దసరా దాకా బాగానే ఉంది. నవంబరు నుంచి పొద్దున్నే లేవబుద్ధి కావడం లేదు. పది గంటలు పడుకున్నా నిద్ర చాలినట్టు ఉండదు. అన్నం, బంగాళాదుంప వేపుడు, స్వీట్లు, ఎప్పుడూ ఇవే తినాలనిపిస్తోంది. కారణం లేకుండా ఏడుపొస్తోంది. సాయంత్రం నాలుగుంబావుకే చీకటి పడిపోతుంటే గుండెల్లో ఒకటే దిగులు.

అమ్మకి చెబితే ‘ఒంట్లో బలం లేదు, నాకు బరంపురం డాక్టరు రాసిన విటమిన్ డి పొడి ప్యాకెట్లు పంపిస్తాను, పాలలో కలిపి రోజూ తాగు’ అంటోంది. అవి ఒక్కోటి 60,000 ఐయూవి (ఐయూ అంటే విటమిన్ కొలత). వేసుకోవచ్చా? బీ కాంప్లెక్స్, ఒమేగా-3 కూడా మంచివని ఎవరో అన్నారు. పెద్దవాళ్ళు చెప్పండి.

గుణుపురం – లీడ్స్ (ఫార్మసిస్టు)

అమ్మా, ఆ ప్యాకెట్ రోజూ వేసుకోకు. ఈ మాట మీ అమ్మగారికి ఈ రోజే ఫోన్ చేసి చెప్పు, ఆవిడ కూడా రోజూ తాగుతున్నారేమో కనుక్కో. 60,000 ఐయూ అనేది లోపం ఉందని తేలినవాళ్ళకి వారానికి ఒకటి చొప్పున, కొన్ని వారాలపాటు డాక్టర్లు రాసే మోతాదు. మామూలు పెద్దవాళ్ళకి రోజుకి 600 ఐయూ చాలు. డాక్టరు చెప్పకుండా 4000 దాటకూడదు. అంటే ఒక్క ప్యాకెట్లోనే పదిహేను రోజుల గరిష్ఠ హద్దు ఉంది.

బీ, సీ విటమిన్లు ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతాయి. డి అలా పోదు, కొవ్వులో నిలవ ఉంటుంది. మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి వికారం, మలబద్ధకం, విపరీతమైన దాహం, మతిమరుపు వస్తాయి. కిడ్నీలో రాళ్ళూ రావచ్చు. ఇంట్లో బీపీకి నీళ్ళ బిళ్ళ (మూత్రం ఎక్కువ పోయించేది) వాడేవాళ్ళు ఉంటే ఇంకా జాగ్రత్త, వాటిలో థయజైడ్ రకం కాల్షియాన్ని ఒంట్లోనే ఆపుతుంది.

అక్కడ 1000 ఐయూ బిళ్ళలు చీటీ లేకుండా దొరుకుతాయి. సీసా మీద ఎన్‌పీఎన్ అని కెనడా ప్రభుత్వం ఇచ్చే ఎనిమిది అంకెల నంబరు ఉందో లేదో చూసి కొను. ఖాళీ కడుపుతో కాకుండా భోజనంతో వేసుకో, కాస్త నూనో నెయ్యో ఉంటే ఒంటికి బాగా పడుతుంది.

రాయగడ – ఎడ్మంటన్

చెల్లెమ్మా, నువ్వు అడగలేదు కానీ నేను అడుగుతాను. మీరు ఉంటున్నది బేస్‌మెంటా? కిటికీ ఎటువైపు ఉంది?

ఎందుకు అడుగుతున్నానంటే, మేం వచ్చిన మొదటి చలికాలం ఒక బేస్‌మెంట్‌లో అద్దెకి దిగాం. పడకగదికి ఒకే కిటికీ. హీటింగ్ బిల్లు ఎక్కువ వస్తోందని ఇంటి యజమాని మేం పనికి వెళ్ళినప్పుడు వచ్చి ఆ కిటికీకి బయట్నుంచి థర్మాకోల్ పలక అడ్డం పెట్టి మేకులు కొట్టేశాడు. మా ఆవిడ రాయగడలో మజ్జిగౌరమ్మ గుడికి తెల్లారకుండా నడిచి వెళ్ళొచ్చే మనిషి. అలాంటిది మధ్యాహ్నం దాకా దుప్పటి తీసేది కాదు. వంట మానేసింది, ఫోన్లు ఎత్తడం మానేసింది. యజమానిని బతిమాలాం, పలక తీసేయమని. ‘మీకు వెలుగు ఎందుకు, ట్యూబ్‌లైట్ ఉందిగా’ అన్నాడు. ఆ మాట నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

నెల నోటీసు రాసిచ్చి బయటికొచ్చాం. అప్పుడు డిపాజిట్ ఇవ్వనన్నాడు. కార్పెట్‌కి పోపు వాసన పట్టిందట! ఆల్బర్టాలో డిపాజిట్ నెల అద్దెకి మించి తీసుకోకూడదు, ఖాళీ చేసిన పది రోజుల్లో లెక్క చెప్పాలి. చేరేటప్పుడూ వదిలేటప్పుడూ గదులు చూసి రిపోర్టు రాయకపోతే పాడైందని ఒక్క డాలరు కోయడానికి లేదు. ఆయన ఏ రిపోర్టూ రాయలేదు. అద్దె తగాదాలు తీర్చే ప్రభుత్వ విభాగం ఉంది, అక్కడ అర్జీ పెట్టాక మొత్తం వెనక్కి ఇచ్చాడు. దక్షిణం కిటికీ ఉన్న పై అంతస్తులోకి మారాక మా ఆవిడ మళ్ళీ మనిషైంది. బిళ్ళల సంగతి తర్వాత, ముందు ఇల్లు చూసుకోండి.

బరంపురం – ఓస్లో

రాయగడ బాబు చెప్పింది నిజమే కానీ అందరూ ఇల్లు మారలేరు కదా. ఇక్కడ నార్వేలో చలికాలం మొదలైతే చాలా ఇళ్ళల్లో పొద్దున్నే ఒక చెంచా కాడ్ లివర్ ఆయిల్ తాగుతారు, పిల్లల దగ్గర్నుంచి ముసలాళ్ళ దాకా. వందల ఏళ్ళుగా చీకట్లో బతుకుతున్నవాళ్ళ పద్ధతి అది. అందులో డి ఉంది, ఒమేగా-3 ఉంది. నేను వచ్చిన కొత్తలో మొదలుపెట్టాను, అప్పట్నుంచి నాకు ఆ దిగులు లేదు. చేపలు తింటావు కదమ్మాయ్? మన కవ్వలు, కానాగంతల్లాంటివి అక్కడ డబ్బాల్లో దొరుకుతాయి. చింతపండు పులుసు పెట్టుకో, విటమిన్ డి అందులోనే ఉంది.

గుణుపురం – లీడ్స్ (ఫార్మసిస్టు)

పిన్నిగారూ, చేపల పులుసుకి నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ నూనెలో విటమిన్ ఏ కూడా ఎక్కువ. కొత్తగా పెళ్ళయిన అమ్మాయి, గర్భం వచ్చే అవకాశం ఉంటే ఆ నూనె వద్దు. విటమిన్ ఏ ఎక్కువైతే కడుపులో బిడ్డకి హాని.

జయపురం – టొరంటో (మానసిక వైద్య విభాగంలో నర్సు)

చెల్లీ, నువ్వు రాసిన లక్షణాలు చూస్తే ఇది ‘ఒంట్లో బలం లేకపోవడం’ కాదేమో అనిపిస్తోంది. ఎక్కువ నిద్ర, పిండి పదార్థాల మీద యావ, పగలు తగ్గినకొద్దీ దిగులు, ఈ మూడూ కలిస్తే మేం సీజనల్ డిప్రెషన్ గురించి ఆలోచిస్తాం. 1984లో అమెరికాలో నార్మన్ రోజెంతాల్ బృందం దీన్ని వివరంగా రాసింది. అప్పుడే ప్రకాశవంతమైన లైటుతో వైద్యం కూడా చేసి చూశారు. పర్లాకిమిడిలో అతి చిన్న పగలు కూడా పదకొండు గంటలు ఉంటుంది. ఎడ్మంటన్‌లో ఏడున్నర. అంత తేడాకి ఒంట్లోని గడియారం వెనకబడిపోతుంది, నీ తప్పేమీ లేదు.

డి వేసుకో, అవసరమే. అక్టోబరు నుంచి మార్చి దాకా ఎడ్మంటన్ ఎండలో చర్మం డి తయారుచేయలేదని 1988లోనే చూపించారు. మన నల్లటి చర్మానికి ఎండ ఇంకా ఎక్కువ కావాలి. కానీ డి వేసుకుంటే దిగులు పోతుందా అంటే, ఆ ఆశ పెట్టుకోవద్దు. అమెరికాలో 18 వేలమందికి పైగా, యాభై దాటినవాళ్ళకి, రోజుకి 2000 ఐయూ డి లేదా ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చి అయిదేళ్ళు చూశారు. 2020లో ఫలితం వచ్చింది. డిప్రెషన్ రావడంలో తేడా లేదు.

పనిచేసేది వెలుగు. 10,000 లక్స్ (లక్స్ అంటే వెలుగు కొలత) లైట్ పెట్టె, నిద్ర లేవగానే, ఇరవై ముప్పై నిమిషాలు. ఎదురుగా పెట్టుకుని టిఫిన్ చేయి, పేపరు చదువుకో. కళ్ళు తెరిచి ఉండాలి కానీ దానివైపే తేరిపార చూడక్కర్లేదు. సాయంత్రం పెడితే నిద్ర చెడుతుంది. 2006లో కెనడాలోనే 96 మంది మీద ఫ్లూవాక్సిటిన్ అనే డిప్రెషన్ మాత్రకీ లైట్ పెట్టెకీ పోలిక చూశారు. రెండూ దాదాపు సమానంగా పనిచేశాయి. కంటి జబ్బు ఉన్నా, మీ ఇంట్లో ఎవరికైనా బైపోలార్ (మనసు అతి ఉత్సాహానికీ దిగులుకీ మారిపోయే జబ్బు) ఉన్నా డాక్టరుకి చెప్పకుండా మొదలుపెట్టకు. లైటు వల్ల మనసు మరీ ఎగసిపోయే ప్రమాదం ఉంది.

బరంపురం – ఓస్లో

నర్సమ్మా, ఆ డి పరిశోధనలో చాలామందికి అసలు డి లోపమే లేదు. కడుపు నిండినవాడికి అన్నం పెట్టి ఆకలి తీరిందా అని అడిగినట్టుంది. పైగా అది చలికాలం దిగులు మీద చేసింది కాదు కదా. లోపం ఉన్న మనవాళ్ళ సంగతి వేరు.

జయపురం – టొరంటో

పిన్నిగారూ, మీరన్నది న్యాయమే. లోపం ఉంటే తీర్చాల్సిందే. డి తక్కువైతే ఒళ్ళు నొప్పులు, నీరసం ఎలాగూ ఉంటాయి. నా భయం ఒక్కటే. బిళ్ళ వేసుకుంటున్నాను కదా అని మార్చి దాకా ఏడుస్తూ కూర్చునేవాళ్ళని నేను చూస్తున్నాను. మనవాళ్ళు డిప్రెషన్ అనే మాట ఒప్పుకోరు, విటమిన్ అంటే వెంటనే ఒప్పుకుంటారు.

టెస్టు గురించి కూడా చెబుతాను. ఒంటారియోలో 2010 డిసెంబరు నుంచి ఎముకల జబ్బు, కిడ్నీ జబ్బు లాంటి కారణం ఉంటే తప్ప డి టెస్టుకి ప్రభుత్వం డబ్బు కట్టదు. ఆల్బర్టాలోనూ మామూలుగా రాయరు. టెస్టు లేకుండా రోజుకి 1000 వేసుకున్నా ప్రమాదం లేదు. ఒకవేళ చేయిస్తే, రిపోర్టులో కొలత చూసుకో. మన దేశంలో నానోగ్రాముల్లో రాస్తారు, ఇక్కడ నానోమోల్స్‌లో. ఇక్కడి అంకెని రెండున్నరతో భాగిస్తే మన అంకె వస్తుంది. ఇక్కడ 38 అంటే మన లెక్కలో 15, అంటే తక్కువే. మన లెక్కే అనుకుని 38 చూసి బాగుందనుకుంటారు.

డాక్టరుని బీ12, ఐరన్, థైరాయిడ్ మాత్రం తప్పకుండా అడుగు. ఈ మూడింట్లో ఏది తేడా ఉన్నా ఇలాగే నీరసం, దిగులు వస్తాయి.

పర్లాకిమిడి – న్యూజెర్సీ

మన ఊరి అమ్మాయివని రాస్తున్నాను. మీరు శాకాహారులైతే బీ12 తప్పక చూపించుకో. ఇంకో సంగతి, డి గుళికల పైతొడుగు ఎక్కువగా జెలటిన్, జంతువుల నుంచి తీసేది. లోపలి డి3 కూడా ఎక్కువగా గొర్రె ఉన్ని మైనం నుంచి వస్తుంది. లైకెన్ అనే నాచులాంటిదాన్నుంచి చేసిన, జంతువుల సంబంధం లేని వీగన్ డి3 దొరుకుతుంది, మేం అదే వాడతాం.

బరంపురం – ఓస్లో

ఉన్ని కత్తిరిస్తే గొర్రె చావదు కదండీ. పాలు తాగేవాళ్ళకి ఉన్నితో ఇబ్బందేమిటి?

పర్లాకిమిడి – న్యూజెర్సీ

ఉన్నితో నాకూ ఇబ్బంది లేదండీ, తొడుగుతోనే. ఏకాదశి ఉపవాసం ఉండే మా అత్తగారు తెలియక ఏళ్ళ తరబడి వేసుకున్నారు. తెలిసిన రోజు ఆవిడ పడ్డ బాధ చూశాను. అందుకే ముందే చెబుతున్నాను.

రాయగడ – ఎడ్మంటన్

చర్చ ఎటో పోతోంది. చెల్లెమ్మా, కిటికీ సంగతి చెప్పనేలేదు. కెనడా ఇళ్ళ నిర్మాణ కోడ్ ప్రకారం బేస్‌మెంట్ పడకగదికి మనిషి దూరి బయటపడగలిగే కిటికీ ఉండాలి, తెరుచుకునే భాగం కనీసం 0.35 చదరపు మీటర్లు. అది మూసేసే హక్కు ఎవడికీ లేదు. కిటికీ దగ్గర కూర్చుంటే డి కూడా వస్తుంది.

గుణుపురం – లీడ్స్ (ఫార్మసిస్టు)

అన్నయ్యా, కిటికీ అద్దంలోంచి డి రాదు. డి తయారుచేసే కిరణాలని అద్దం ఆపేస్తుంది. లైట్ పెట్టెలోనూ ఆ కిరణాలు లేకుండా వడగడతారు. కిటికీ మనసుకి, బిళ్ళ ఎముకకి, రెండూ కావాలి. అన్నిటికన్నా మేలు పొద్దున్న పూట బయట నడక. మబ్బు పట్టిన రోజున కూడా బయటి వెలుగు మన హాలు లైటుకి ఎన్నో రెట్లు ఎక్కువ.

అన్నట్టు, సెయింట్ జాన్స్ వోర్ట్ అని ఒక మూలిక బిళ్ళ విటమిన్ల అరలోనే పెట్టి అమ్ముతారు, దిగులు తగ్గిస్తుందని. గర్భనిరోధక మాత్రల పని చెడగొడుతుంది, డిప్రెషన్ మాత్రలతో కలిస్తే ప్రాణం మీదికి తెస్తుంది. మూలిక కదా అని ముట్టుకోకు.

జయపురం – టొరంటో

ఒక్క మాట సూటిగా అడుగుతాను చెల్లీ, తప్పుగా అనుకోకు. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా? అనిపిస్తే వచ్చే అపాయింట్‌మెంటు దాకా ఆగొద్దు. కెనడాలో 988కి ఎప్పుడు ఫోన్ చేసినా మాట్లాడతారు. నర్సుతో మాట్లాడాలంటే అక్కడ 811. ఇండియాలో ఉన్న మనవాళ్ళకి టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్, 14416.

పర్లాకిమిడి – ఎడ్మంటన్

అలాంటి ఆలోచన లేదక్కా, అడిగినందుకు చాలా థ్యాంక్స్. ఇక్కడ ఇంతవరకు ఎవరూ అడగలేదు. అమ్మకి ఫోన్ చేశాను. తను వారానికి ఒకటే తాగుతోందట, నాకు మాత్రం రోజూ అంది, బిడ్డ మీద బెంగతో. ప్యాకెట్లు పంపొద్దని చెప్పాను. గురువారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం, బీ12, ఐరన్, థైరాయిడ్ కాగితం మీద రాసుకున్నాను. చేపలు తింటాం పిన్నిగారూ. మాది బేస్‌మెంటే అన్నయ్యా. కిటికీ ఉంది కానీ సగం మంచులో కూరుకుపోయింది. లైట్ పెట్టె ధర చూసి మావారు ఆలోచిస్తున్నారు.

రాయగడ – ఎడ్మంటన్

కొనకండి. మా ఇంట్లో ఒకటి ఉంది, ఈ ఏడాది మాకు అవసరం పడలేదు. తీసుకెళ్ళి రెండు వారాలు వాడి చూడు, తేడా తెలిస్తే అప్పుడు కొనుక్కోవచ్చు. డాక్టరు సరేనన్నాక ఆదివారం ఇద్దరూ రండి, మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. మంచు తీసే పార నేను తెస్తాను, సాయంత్రం మీ ఇంటికొచ్చి కిటికీ తవ్వేద్దాం. అద్దె అగ్రిమెంటు ఒక కాపీ తెచ్చుకోండి, చూసి చెబుతాను.