ఆన్‌లైన్ కోడింగ్ ఇంటర్వ్యూలకు ఏ టూల్ వాడుతున్నారు?

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఆరుగురం ఉన్న చిన్న టీమ్ మాది. పైథాన్ తెలిసిన ఫ్రెషర్లను ఆన్‌లైన్‌లోనే ఇంటర్వ్యూ చేస్తున్నాం. ఇప్పటిదాకా గూగుల్ మీట్‌లో మాట్లాడుతూ, గూగుల్ డాక్స్‌లో కోడ్ రాయిస్తున్నాం. అందులో కోడ్ రన్ కాదు. పైగా కొటేషన్ గుర్తులు వాటంతటవే వంకర తిరిగిపోతాయి, ఆ కోడ్ తెచ్చి పైథాన్‌లో పేస్ట్ చేస్తే ఎర్రర్ వస్తుంది.

పోయిన వారం శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి ఒకమ్మాయి ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని వచ్చింది. కాల్ మూడుసార్లు తెగింది. లాజిక్ నోటితో చక్కగా చెప్పింది గానీ, టెన్షన్‌తో గొంతు వణికిపోయింది. తప్పు ఆ అమ్మాయిది కాదు కదా, నాకింకా బాధగానే ఉంది.

కోడర్‌ప్యాడ్, హ్యాకర్‌ర్యాంక్ చూశాను. బ్రౌజర్‌లోనే ఇద్దరం కలిసి రాసి, అక్కడే రన్ చేయొచ్చు. కానీ మావి నెలకు నాలుగైదు ఇంటర్వ్యూలే, వాటికోసం డబ్బు కట్టడం అవసరమా? వీఎస్ కోడ్ ఎడిటర్‌లో ఇద్దరూ కలిసి కోడ్ రాసుకునే లైవ్ షేర్ ఉచితమే, అయితే అలవాటు లేనివాళ్లకు మొదటి పది నిమిషాలు సెటప్‌కే పోతాయి.

నెట్ సరిగా లేనిచోట కూడా ఆగకుండా నడిచింది ఏది? అభ్యర్థులుగా కూర్చున్నవాళ్లు కూడా మీకు ఏది సుఖంగా అనిపించిందో దయచేసి చెప్పండి. వచ్చే సోమవారం మళ్లీ ఇంటర్వ్యూలున్నాయి.