తక్కువ బడ్జెట్‌లో కస్టమ్ కీబోర్డ్: రెడీమేడ్ కొని మార్చుకోవాలా, మొదటి నుంచీ మనమే కట్టుకోవాలా?

కొత్తవేళ్లు: ఇదే నా మొదటి మెకానికల్ కీబోర్డ్, డబ్బు తక్కువ ఉంది. హాట్‌స్వాప్ (సోల్డర్ లేకుండానే కీల కింది స్విచ్‌లు ఊడదీసి మార్చుకోగల) రెడీమేడ్ బోర్డు కొని మెల్లగా స్విచ్‌లు, కీక్యాప్‌లు మార్చుకోవడమా, లేక కేసు, పీసీబీ (సర్క్యూట్ బోర్డు), ప్లేటు (స్విచ్‌లు బిగించే పలక), స్టెబిలైజర్లు (స్పేస్ బార్ లాంటి పెద్ద కీలు ఊగకుండా ఆపే తీగలు) విడివిడిగా తెప్పించి నేనే సోల్డర్ చేసుకోవడమా? రోజంతా టైపింగే నా పని.

టకటక: రెడీమేడ్ తీసుకోండి. విడిగా కొంటే ఒక్కోటీ చిన్న మొత్తమే అనిపిస్తుంది గానీ లూబు (స్విచ్‌లకి పూసే గ్రీజు), బ్రష్షు, స్విచ్ ఊడదీసే పుల్లరు, సోల్డరింగ్ ఐరన్, ఒక్కో పార్సిల్ ఖర్చు అన్నీ కలిపితే తడిసి మోపెడవుతుంది.

సీసపుతీగ: నేను ఒప్పుకోను. నా మొదటి బోర్డు హాట్‌స్వాపే. ఒక స్విచ్ పిన్ను కొంచెం వంగి ఉంది, చూసుకోకుండా బలంగా నొక్కేశాను. కింద స్విచ్ కూర్చునే సాకెట్ దాని ప్యాడుతో (పీసీబీ మీది రాగి బిళ్లతో) సహా లేచి వచ్చేసింది, ఎఫ్ కీ పోయింది. అమ్మినవాళ్లని అడిగితే మీరు విప్పారు కాబట్టి వారంటీ లేదన్నారు.

టకటక: సాకెట్ వెనక వేలు ఆనించి నొక్కాలండీ. కేసు విప్పకుండా పైనుంచి గుద్దితే ఏ సాకెట్ ఆగుతుంది?

రాత్రిపని: క్యూఎంకే, వయా (ఏ కీ ఏం చేయాలో మనమే మార్చుకునే సాఫ్ట్‌వేర్లు) సపోర్ట్ ఉందో లేదో చూసి కొనండి. తర్వాత ఏడ్చి లాభం లేదు.

సీసపుతీగ: నేను వేలు ఆనించలేదని మీకెలా తెలుసు? అయినా సాకెట్ సంగతి వదిలేయండి, చౌక రెడీమేడ్‌లలో స్టెబిలైజర్ల మాటేంటి? స్పేస్ బార్ నొక్కితే గలగలమంటుంది.

టకటక: దానికి బోర్డంతా కట్టుకోవాలా? స్టెబిలైజర్ తీగ ఊడదీసి అద్దం మీద పెట్టండి. ఒక చివర పైకి లేచి ఊగుతుంటే వంగినట్టు, వేళ్లతోనే సరిచేయొచ్చు. తర్వాత తీగ కొసలకి 205జీ0 గ్రీజు కాస్త దట్టంగా పూస్తే సరి. స్విచ్‌లకి మాత్రం పల్చగా, లేకపోతే కీ బురదలో దిగినట్టు ఉంటుంది.

మెత్తనిమీట: పీసీబీ వెనక రెండు మూడు పొరలు మాస్కింగ్ టేపు వేస్తే శబ్దం చాలా మారుతుంది. ఖర్చు దాదాపు లేదు.

సీసపుతీగ: టకటక గారూ, మీరు అసలు ఎప్పుడైనా సోల్డర్ చేశారా?

టకటక: చేశాను కాబట్టే వద్దంటున్నా! మీలాంటివాళ్లు చాలా సులువు అంటే నమ్మి 61 కీల కిట్ తెచ్చుకున్నా. ఐరన్ ఎక్కువసేపు ఆనించి రెండు ప్యాడులు కాల్చేశాను. మూడు వారాలు బల్ల నిండా ముక్కలే, పని మాత్రం పాత మెంబ్రేన్ కీబోర్డు మీదే. ఆ మూడు వారాలు ఎవరిస్తారు? రోజంతా టైపింగే పని అని మొదటి పోస్టులోనే ఉంది, అది మీరు చదవలేదు.

సీసపుతీగ: చదివాను. ప్యాడు కాలితే ఆ కీ ట్రేస్ (పీసీబీ మీది రాగి గీత) ఎటు వెళ్తుందో చూసి చిన్న వైరు వేస్తే మళ్లీ పనిచేస్తుంది, అది మీకెవరూ చెప్పలేదు, నాకూ అప్పట్లో ఎవరూ చెప్పలేదు. ఎఫ్ కీ పోయినరోజు నాకు డబ్బు పోయిందన్న బాధ కంటే చేతిలో వస్తువు పెట్టుకుని ఎవర్నో బతిమాలాల్సి వచ్చిందన్న బాధే ఎక్కువ. ఇప్పుడు నా బోర్డులో ఏది పోయినా నేనే బాగుచేసుకుంటా. నేను చెప్పేది ఆదా గురించి కాదు.

టకటక: అదేదో మొదటే చెబితే ఇంత గొడవ లేదు కదా. మీకు కట్టడం కావాలి, వాళ్లకి రేపు పొద్దున టైప్ చేయడానికి బోర్డు కావాలి.

సీసపుతీగ: రేపటికి ఒకటి, పదేళ్లకి ఒకటి కొనేంత డబ్బు లేకే కదా అడుగుతున్నారు.

కొత్తవేళ్లు: ఒక విషయం చెప్పడం మరిచాను, క్షమించండి. నేను ఎక్కువ టైప్ చేసేది రాత్రిళ్లు, అదే గదిలో పాప పడుకుంటుంది.

టకటక: అయ్యో, అది ముందు చెప్పాలండీ! నొక్కినప్పుడల్లా టిక్కుమనే క్లిక్కీ స్విచ్‌ల జోలికి వెళ్లకండి. సైలెంట్ లీనియర్ (అడ్డు తగలకుండా నున్నగా దిగే స్విచ్‌లు) చూడండి, లోపల కిందికీ పైకీ కదిలే కాడకి మెత్తటి డ్యాంపర్లు ఉంటాయి.

సీసపుతీగ: ఇది మాత్రం ఒప్పుకుంటా. కానీ ఎన్ని సైలెంట్ స్విచ్‌లు పెట్టినా స్పేస్ బార్ పాపని లేపేస్తుంది. బోర్డు ఏదైనా సరే, ముందు ఆ తీగ అద్దం మీద పెట్టి చూడండి.