రాత క్లాసుల ఊరి భాష రాస్తే తప్పెట్లయితది?

పాలమూరు_పిల్ల: డిగ్రీ ఫస్టియర్, హైదరాబాద్ల హాస్టల్. తెలుగుల రాత క్లాస్ అని వారానికి రెండుసార్లు ఉంటది, మూడు వారాలైంది. మొదటిరోజే మేడం పుస్తకాలు మూయించి, మీ ఇంట్లో పొద్దున్నే వినిపించే చప్పుడు గురించి రాయండి అన్నది. ఇంటర్ రెండేండ్లు గైడ్ల వ్యాసాలు బట్టీ పట్టినదాన్ని, పది నిమిషాలు పెన్ను కదల్లే. తర్వాత మా అవ్వ యాదికొచ్చి "మా అవ్వ పొద్దుగాల్నే జొన్నరొట్టె కొడ్తది" అని షురూ జేస్తే పేజీన్నర అయింది, నాకే నమ్మకం కాలే. మొన్న కాగితం తిరిగొచ్చింది. "కొడ్తది" కొట్టేసి ఎర్ర ఇంకుతో "చేస్తుంది", "పొద్దుగాల్నే" కొట్టేసి "ఉదయాన్నే", గట్ల పద్నాలుగు చోట్ల. కింద "భావం బాగుంది, భాష సరిచూసుకో" అని. రొట్టె కొట్టుడంటే పీట మీద అరచేత్తోని టప టప కొట్టుడే, సప్పుడు గురించి రాయమని సప్పుడున్న మాటనే తీసేస్తే ఎట్ల?

చాక్‌పీస్: కాలేజీలో పాఠం చెప్పేవాడిగా మీ మేడం తరఫున ఒక మాట అమ్మా. అరవై పేపర్లు ముందేసుకుని కూర్చుంటే వాక్యం ఎక్కడ తెగింది, కర్త ఎక్కడ మాయమయ్యాడు, ఇదే చూస్తాం, మధ్యలో తెలియని మాటొస్తే అది తప్పో యాసో తేల్చుకునే ఓపిక లేక కొట్టేస్తాం, నిజం ఒప్పుకుంటున్నా. కానీ గిడుగు రామమూర్తి గారు కూడా ఎవరికి తోచినట్టు వాళ్ళని రాయమనలేదు, ఆయన అడిగింది శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్నవాళ్ళు మాట్లాడే భాష. అందరికీ ఒక భాష లేకపోతే శ్రీకాకుళం వాడు రాసింది నల్గొండ వాడికెలా అర్థమవుతుంది?

సిక్కోలు_కుర్రోడు: మా ఊరి పేరెత్తారు కాబట్టి వచ్చాను మాస్టారూ. గిడుగు వారిది మావేపే, ముఖలింగం దగ్గర పర్వతాలపేట. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తారు, ఆ స్టేజీ ఎక్కి నేను మా యాసలో నాలుగు ముక్కలు సెప్తే జనం నవ్వుతారు, సినిమాల్లో మా భాష జోకులకే కదా మరి. ఇంకోటి, అప్పట్లో గ్రాంథికమా (పాత పుస్తకాల భాష), వ్యావహారికమా అన్న గొడవ ముదిరింది కూడా కాలేజీ కాంపోజిషన్ మీదే. మద్రాసు యూనివర్సిటీ కాంపోజిషన్ సబ్ కమిటీలో గురజాడ 1914లో పెద్ద అసమ్మతి పత్రం రాసిచ్చారు, అయినా గ్రాంథికం వాళ్ళదే పైచేయి అయింది. అప్పుడు "వచ్చుచున్నాడు" రాయకపోతే తప్పు, ఇప్పుడు "వస్తున్నాడు" రాయకపోతే తప్పు. మాకేటి తేడా?

బెజవాడ_బుజ్జి: మా కృష్ణా జిల్లా వాళ్ళకి ఈ బాధ తక్కువే, ఒప్పుకుంటా, న్యూస్ పేపర్ల భాష మా ఇంటి భాషకి దగ్గర కాబట్టి. అయినా "అవుద్ది" రాస్తే మాకూ కొట్టేస్తారులే. సింపుల్ చెల్లీ, డైలాగుల్లో యాస పెట్టు, మిగతాది మామూలు భాషలో రాయి, గొడవుండదు, మార్కులకి మార్కులూ వస్తాయి.

పాలమూరు_పిల్ల: డైలాగ్ ఎవరితోని చెప్పియ్యాలె అక్కా? అవ్వ రొట్టె కొట్టేటప్పుడు నోరిప్పది. జెప్పేది నేనే, నాది గదే భాష.

సిక్కోలు_కుర్రోడు: కథా రచయిత నామిని చిత్తూరు యాసలో కథనం మొత్తం నడిపించారు, డైలాగులొక్కటే కాదు. నాకు మొదటి రెండు పేజీలు కష్టమైంది, తర్వాత చెవి అలవాటు పడిపోయింది. శ్రీకాకుళం వాడికి అర్థమవదని భయపడకండి మాస్టారూ, నేనున్నాను కదా.

చాక్‌పీస్: అది చెయ్యి తిరిగిన రచయిత పని బాబూ, ఫస్టియర్ మూడో వారం సంగతి కాదు. సరే, "కొడ్తది" విషయంలో మీ మేడందే తప్పు, నేనైతే దాని కింద టిక్కు పెట్టేవాణ్ణి. కానీ ఆ పద్నాలుగూ యాసేనా? ఒకసారి చూసుకో అమ్మా.

పాలమూరు_పిల్ల: చూసిన సార్. మూడు నా తప్పులే. "తడిబట్టతోని తుడిసి తిర్లేస్తది" అని రాసిన గాని ఏం తుడుస్తదో రాయలే. పెనం మీదేసినంక రొట్టె పైభాగం నీళ్ళబట్టతో తుడుస్తరని మాకు తెలుసు, చదివేటోళ్ళకి ఎట్ల తెలుస్తది, పెనం తుడిసిందనుకుంటరు. అది మార్చిన. కడ్మ పదకొండు పట్టుకొని సోమవారం స్టాఫ్ రూంకి పోత, భయమైతుంది గాని పోత. "కొడ్తది" మాత్రం మళ్ళ అట్లనే రాసిన.