బర్గండీలో చిన్న గ్రూపు వైన్ టూర్: సగం రోజా, రోజంతానా?

కృష్ణాతీరం:

సెప్టెంబర్ మూడో వారంలో పారిస్‌లో అయిదు రోజులు ఉంటాం. అందులో ఒక రోజు బర్గండీ ద్రాక్ష తోటలకి అనుకున్నాం. నలుగురం: నేను, మా ఆవిడ, బావగారు, అత్తయ్యగారు. అత్తయ్యగారికి 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ఆవిడ వైన్ ముట్టరు, పూర్తి శాకాహారి. మిగతా ముగ్గురికీ వైన్ ఇష్టమే గానీ లోతుగా తెలియదు.

కారు అద్దెకి తీసుకోవాలా, టూర్ బుక్ చేయాలా? టూర్ అయితే సగం రోజు చాలా? బుక్ చేసేముందు ఏం చూసుకోవాలి? అత్తయ్యగారిని వెంట తీసుకెళ్ళడం సబబేనా?

తోటమాలి:

ముందు కారు సంగతి. వద్దండీ. ఫ్రాన్స్‌లో బండి నడిపేవాళ్ళకి రక్తంలో లీటరుకి 0.5 గ్రాముల ఆల్కహాల్ దగ్గరే కేసు. లైసెన్సు కొత్తదైతే 0.2. సగం రోజులో రెండు సెల్లార్లు (వైన్ నిల్వ ఉంచే నేలమాళిగలు), ఒక్కోచోట ఆరు రకాలు, ఒక్కో రకం 4 సెంటీలీటర్లు వేసుకోండి. మొత్తం 48 సెంటీలీటర్లు, అంటే సీసాలో మూడింట రెండు వంతులకి కాస్త తక్కువ. 13 శాతం వైన్‌లో అది దాదాపు 50 గ్రాముల ఆల్కహాల్. మింగినవాళ్ళు స్టీరింగ్ ముట్టకూడదు. ఉమ్మేసేవాళ్ళకి కూడా నోటి లోపలి పొర గుండా ఎంతో కొంత ఎక్కుతుంది.

ఇక టూర్. ఎనిమిది మందికి మించని వ్యాన్ చూసుకోండి. ఫ్రాన్స్‌లో మామూలు కారు లైసెన్సుతో డ్రైవరు కాక ఎనిమిది మందినే ఎక్కించుకోవచ్చు, అందుకే అక్కడి చిన్న గ్రూపులు చాలావరకు ఆ అంకె దగ్గర ఆగుతాయి. కొన్ని సైట్లు పదహారు, ఇరవై మందిని కూడా చిన్న గ్రూపు అనే అంటాయి. ఇరవై మంది చేరితే రైతు ముందు నిలబడి అడగాల్సిన ప్రశ్న గైడు దగ్గరే ఆగిపోతుంది. ఈ టూర్‌కి డబ్బు పెట్టేది ఆ ప్రశ్న కోసమే.

మీ లెక్కకి సగం రోజు చాలు. పారిస్ గార్ ద లియోఁ స్టేషన్ నుంచి దిజోఁ నగరానికి టీజీవీలో, అంటే వేగం రైల్లో, గంటన్నర పైచిలుకు. అక్కడి నుంచి టూర్లు బయలుదేరే బోన్ ఊరికి లోకల్ రైలు, ఇరవై, పాతిక నిమిషాలు. పొద్దున బయలుదేరితే పదిన్నర, పదకొండుకల్లా బోన్‌లో ఉంటారు. మధ్యాహ్నం టూర్లు చాలావరకు ఒంటిగంటన్నర, రెండుకి మొదలై అయిదున్నర, ఆరుకి ముగుస్తాయి. తలకి 100 యూరోలకి అటూ ఇటూ అనుకోండి. రోజంతా టూర్ కావాలంటే ముందురోజు రాత్రి బోన్‌లో పడుకోవాలి. పారిస్ నుంచి వచ్చిన రోజే పెట్టుకుంటే మూడో సెల్లార్‌కి నాలుక మొద్దుబారిపోతుంది.

సగం రోజులో రెండు ప్రాంతాలూ చూపిస్తామనే టూర్ మాత్రం వదిలేయండి. బోన్‌కి ఉత్తరాన కోత్ ద న్వీ, దాదాపు అంతా ఎర్ర వైన్, పినో న్వార్ అనే ద్రాక్షతో. బోన్ చుట్టూ, దక్షిణాన కోత్ ద బోన్: పొమార్, వొల్నే ఊళ్ళు ఎరుపుకి, మెర్సో, పులిన్యీ-మోఁరాషే తెలుపుకి. ఒకటే ఎంచుకోండి. నన్నడిగితే మొదటిసారి వెళ్ళేవాళ్ళకి కోత్ ద బోన్. ఎరుపూ తెలుపూ రెండూ దొరుకుతాయి, వ్యాన్‌లో కూర్చునే సమయం తక్కువ.

బుకింగ్ పేజీలో నాలుగు మాటలు వెతకండి. రుచి చూపేది వైన్ చేసే రైతు దగ్గరా, లేక బోన్‌లో వ్యాపారి షాపులోనా? ఎన్ని రకాలు? వాటిలో ప్రెమియే క్రూ (పైనుంచి రెండో మెట్టు వైన్) ఎన్ని? రుచి రుసుం ధరలోనే ఉందా? మీకు ఇంకో చిక్కుంది. సెప్టెంబర్ మూడో వారం చాలా ఏళ్ళలో కోత రోజులే. ఈమధ్య ఆగస్టు చివర్లోనే మొదలైన ఏళ్ళూ ఉన్నాయి. కోత జరుగుతుంటే చిన్న రైతులు తలుపులు మూసేస్తారు, టూరు వాళ్ళు పెద్ద వ్యాపారుల సెల్లార్లకి మళ్ళిస్తారు. ఆ వారం ఏ తరహా సెల్లార్‌కి తీసుకెళ్తారో మెయిల్‌లో అడిగి, రాతలో జవాబు తీసుకోండి.

గులకరాయి:

కోత్ ద బోన్ సరే. కానీ తోట దగ్గర దిగి చూడాల్సిందొకటి తోటమాలి గారు చెప్పలేదు. వాలు చూడండి. పైన అడవి. కిందికి వచ్చేసరికి సున్నపురాయి ఎక్కువున్న నడుం భాగం, మంచి తోటలన్నీ అక్కడే. ఇంకా కిందికి మన్ను బరువెక్కుతుంది, నీరు నిలుస్తుంది, అక్కడ ఊరి పేరుతో అమ్మే వైన్. రోడ్డు దాటి చదునులోకి పోతే బూర్గోఞ్ అని ప్రాంతం పేరుతో అమ్మే మామూలు వైన్. ఒకే ద్రాక్ష, ఒకే రైతు, కాలిబాట అటూ ఇటూ ధర మూడింతలు మారుతుంది. ఇలా హద్దులు గీసిన ప్రతి చెక్కకీ పేరుంది, దాన్ని క్లిమా అంటారు. 2015లో ఈ క్లిమాలు యునెస్కో జాబితాలో చేరాయి. బనగానపల్లె మామిడికి ఊరి పేరుతో భౌగోళిక గుర్తింపు ఉన్నట్టే, కాకపోతే ఇక్కడ చేనుకో గుర్తింపు.

కోత్ ద న్వీ వైపు వెళ్తే క్లో ద వూజో చూడండి. సన్యాసులు కట్టిన రాతి గోడ చుట్టూ ఉంటుంది. లోపల 50 హెక్టార్లు, ఎనభై మంది దాకా యజమానులు. గోడ లోపలిదంతా గ్రాఁ క్రూనే, అంటే అన్నిటికన్నా పై మెట్టు. పై చెక్క వాళ్ళదీ, రోడ్డు పక్క చెక్క వాళ్ళదీ అదే లేబుల్. అందుకే బర్గండీలో తోట పేరు ఒక్కటే చూసి కొనకూడదు, చేసినవాళ్ళ పేరు కూడా చూడాలి.

వగరు:

రుచి చూసే పద్ధతి గురించి. ఆ పొద్దున ఆవకాయ, కారప్పొడి వద్దు. కారం తిన్న నాలుక మీద ఆల్కహాల్ మండుతుంది, వగరు రెట్టింపుగా తోస్తుంది. సెంటు, అత్తరు, తలలో మల్లెలు కూడా ఆ రోజుకి మానేయండి, చిన్న సెల్లార్‌లో పక్కవాళ్ళ గ్లాసులోకీ ఆ వాసనే వస్తుంది. స్వెటర్ తప్పదు. బయట ఎండ ఉన్నా లోపల 12, 14 డిగ్రీలే.

గ్లాసుని కాడ దగ్గర పట్టుకోవాలి. తిప్పకముందు ఒకసారి, తిప్పాక ఒకసారి వాసన చూడండి. తర్వాత ఒక్క చెంచాడు నోట్లోకి తీసుకుని, పెదాల మధ్య నుంచి కాస్త గాలి లోపలికి లాగి, పది సెకన్లు నోరంతా తిప్పండి. నాలుక పక్కల నీళ్ళూరితే అది పులుపు. చిగుళ్ళు బిగుసుకుంటే వగరు, నేరేడు పండు తిన్నాక వచ్చేది అదే. అప్పుడు ఉమ్మేయండి. ఉమ్మే గిన్నెని క్రాష్వార్ అంటారు, కనబడకపోతే అడగండి. అది అమర్యాద కాదు, వైన్ చేసే ఆయన కూడా ఉమ్ముతూనే ఉంటాడు. ఇంట్లో బాత్‌రూమ్‌లో నీళ్ళతో రెండుసార్లు సాధన చేస్తే చాలు: బుగ్గలు బిగించి, పెదాలు సన్నగా చేసి, ఒక్క ధారగా.

పీపా నుంచి రుచి చూపిస్తే అదృష్టమే. అక్కడి పీపా 228 లీటర్లు. పైనున్న బిరడా తీసి, పొడవాటి గాజు గొట్టం దింపి, గొట్టం పైకొసని బొటనవేలితో మూసి పైకి లాగుతారు. వేలు కొద్దిగా వదిలితే గ్లాసులోకి సన్నగా దిగుతుంది. ఆ వైన్ మబ్బుగా, గరుకుగా ఉంటుంది. నచ్చలేదని తేల్చేయకండి, అది ఇంకా తయారవుతోంది. మిగిలింది నేల మీద పారబోయకుండా ఒక్క క్షణం ఆగి ఆయన ఏం చేస్తాడో చూడండి. చాలాచోట్ల తిరిగి పీపాలోనే పోస్తారు.

ఎరుపు ముందు, తెలుపు తర్వాత పోస్తే పొరపాటనుకోవద్దు. బర్గండీలో చాలా సెల్లార్లలో అదే వరస. అక్కడి ఎరుపు తేలిక, తెలుపులో పులుపూ బరువూ ఎక్కువ.

మెట్లులేనిదారి:

అత్తయ్యగారి విషయం. బర్గండీ సెల్లార్లంటే ఇరుకైన రాతి మెట్లు, కొన్నిచోట్ల పట్టుకోవడానికి రెయిలింగ్ కూడా ఉండదు, కింద గులకరాళ్ళు. బుక్ చేసేటప్పుడే సెల్లార్‌లో ఎన్ని మెట్లు, రుచి చూపేది పైగదిలోనా కిందనా అని అడగండి. పైగది ఉన్న రెండు చోట్లు దొరికితే ఆవిడా రావచ్చు. తాగనివాళ్ళకి టికెట్ తగ్గించే టూర్లూ ఉన్నాయి, అడగందే చెప్పరు.

లేదంటే ఆ నాలుగు గంటలు ఆవిడ, తోడుగా మీలో ఒకరు బోన్‌లోనే ఉండొచ్చు. ఒతెల్-ద్యూ చూడండి. 1443లో బర్గండీ డ్యూక్ దగ్గర ఛాన్సలర్‌గా ఉన్న నికొలా రొలాఁ పేదల కోసం కట్టించిన ఆసుపత్రి, రంగురంగుల పెంకుల కప్పు, వరసగా ఎర్ర తెరల మంచాలు. చూసేది ఎక్కువ భాగం కింది అంతస్తులోనే. దానికి దానంగా వచ్చిన ద్రాక్ష తోటల వైన్‌నే ఇప్పటికీ ఏటా నవంబర్ మూడో ఆదివారం వేలం వేస్తారు, 1859 నుంచి.

మోకాళ్ళే అసలు సమస్య అయితే బోర్దో వైన్ ప్రాంతం కూడా ఆలోచించండి. అక్కడి మెదోక్‌లో భూగర్భ జలం పైపైనే ఉంటుంది కాబట్టి పీపాల గదులు చాలావరకు నేల మీదే కట్టారు. పారిస్ నుంచి టీజీవీలో రెండు గంటల పైన. షాంపేన్ ప్రాంతం దగ్గరే, అక్కడి రాఁస్ నగరానికి ముప్పావు గంట. కానీ అక్కడ సుద్దరాతి గుహల్లోకి దిగాలి, పొమ్మెరీ అనే షాంపేన్ కంపెనీ గుహలో 116 మెట్లు.

పప్పుచారు:

తిండి మాట. రోజంతా టూర్లలో మధ్యాహ్నం పలక మీద వచ్చేది ఎండబెట్టిన పంది మాంసం, జున్ను. “శాకాహారం” అని ఒక్క మాట రాస్తే చేప పెట్టొచ్చు. మెయిల్‌లో విడివిడిగా రాయండి: మాంసం వద్దు, చేప వద్దు, లార్దోఁ వద్దు. లార్దోఁ అంటే పంది మాంసం ముక్కలు, అవి సలాడ్లలో కూడా పడతాయి. గుడ్డు తింటారనుకుంటే ఇంకో జాగ్రత్త: ఎర్ర వైన్ పులుసులో వేసే గుడ్ల వంటకం, ఉఫ్-ఆఁ-మ్యూరెత్, లార్దోఁ వేసే చేస్తారు. గూజేర్ అనే జున్ను బూరెల్లో గుడ్డు తప్ప వేరే ఇబ్బంది లేదనుకుంటారు, కానీ కోఁతే, ఎప్వాస్ అనే పేర్లున్న అక్కడి సంప్రదాయ జున్నులు దూడ కడుపులోంచి తీసిన రెనెట్‌తో తోడుపెడతారు. పట్టింపు ఉన్నవాళ్ళకి అదీ కుదరదు.

రొట్టె, బోన్ ఆవపిండి ముద్ద, టమాటా, పళ్ళు శనివారం సంతలో బాగా దొరుకుతాయి. పన్నెండు నుంచి రెండు దాకా షాపులు చాలావరకు మూతే, ముందే కొని పెట్టుకోండి.

కృష్ణాతీరం:

అందరికీ ధన్యవాదాలు. శనివారం మధ్యాహ్నం, కోత్ ద బోన్ సగం రోజు అనుకుంటున్నాం. పైగది ఉన్న సెల్లార్లు కావాలని రాస్తాను. హైదరాబాద్‌కి సీసాలు తెచ్చుకోవాలంటే ఎన్ని? లేబుల్ ఎలా చదవాలి?

తోటమాలి:

మన కస్టమ్స్‌లో సుంకం లేకుండా పెద్దవాళ్ళకి తలకి 2 లీటర్లు. అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు, 375 మిల్లీలీటర్ల అరసీసా ఒకటి: మొత్తం 1,875. మూడు పెద్ద సీసాలైతే 2,250, హద్దు దాటింది. దాటినదానికి సుంకం బాగా ఎక్కువ. అక్కడి నుంచి అమెరికాకి తిరిగి వెళ్ళే మన చుట్టాలు ఎవరైనా మీతో ఉంటే వాళ్ళ లెక్క వేరు, 21 ఏళ్ళు నిండినవాళ్ళకి సుంకం లేనిది 1 లీటరు.

బోన్‌లో కొన్నవి చేతిసంచిలో రానివ్వరు, సూట్‌కేసులోనే. బర్గండీ సీసా ఒకటి కిలోన్నర దాకా తూగుతుంది. ఒక్కోదాన్ని ప్లాస్టిక్ కవర్లో వేసి టేపు చుట్టి, మేజోడులో దూర్చి, బట్టల మధ్యలో పడుకోబెట్టండి. అంచుకి తగలకూడదు, ఒకదానికొకటి తగలకూడదు.

ఒకే షాపులో 100 యూరోలు దాటి కొంటే పన్ను వాపసు ఉంది, దాన్ని దెతాక్స్ అంటారు. కొనేటప్పుడే పాస్‌పోర్ట్ చూపి కాగితం తీసుకోవాలి. చిన్న సెల్లార్లలో ఆ ఏర్పాటు లేకపోవచ్చు, బోన్ షాపుల్లో ఉంటుంది. పారిస్ విమానాశ్రయంలో సూట్‌కేసు ఇచ్చేసేముందే పాబ్లో అని రాసున్న మెషీన్‌లో ఆ కాగితం స్కాన్ చేయాలి, సరుకు చూపమని అడగొచ్చు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వస్తే ఆ పని ఏ విమానాశ్రయంలో చేయాలో ముందే అడిగి తెలుసుకోండి.

గులకరాయి:

లేబుల్‌కి నాలుగు మెట్లు: బూర్గోఞ్, ఊరి పేరు, ఊరి పేరుతో పాటు ప్రెమియే క్రూ, చివరిగా గ్రాఁ క్రూ. గ్రాఁ క్రూ మొత్తం దిగుబడిలో సుమారు 1 శాతమే. దాని మీద ఊరి పేరు ఉండదు, తోట పేరే ఉంటుంది. మోసపోయేది ఇక్కడే. ఊళ్ళు తమ గొప్ప తోట పేరుని తోకగా తగిలించుకున్నాయి, జెవ్రే అనే ఊరు 1847లో జెవ్రే-షాంబర్తాఁ అయింది. “షాంబర్తాఁ” ఒక్కటే ఉంటే గ్రాఁ క్రూ, ముందు “జెవ్రే” ఉంటే గ్రాఁ క్రూ కాదు, ఊరి వైనో ప్రెమియే క్రూనో. మోఁరాషే, పులిన్యీ-మోఁరాషే కూడా అంతే.

మీ ముగ్గురికీ నా సలహా: ఒకే రైతు దగ్గర ఊరి వైన్ ఒకటి, అదే ఊరి ప్రెమియే క్రూ ఒకటి, ఒకే ఏడాదివి కొనండి. హైదరాబాద్‌లో పక్కపక్కన పోస్తే వాలు మీద చూసిన తేడా నోటికి తెలుస్తుంది.

మెట్లులేనిదారి:

సాయంత్రం తిరుగు రైలు ఏడు తర్వాతదే తీసుకోండి. కోత రోజుల్లో ట్రాక్టర్ల వెనక వ్యాన్ అరగంట ఆలస్యం కావచ్చు. దిజోఁలో రైలు మారడానికి ఇరవై నిమిషాలైనా ఉంచుకోండి. అత్తయ్యగారి టీజీవీ సీటు కింది అంతస్తులో అడగండి, కొన్ని రైళ్ళకి రెండంతస్తులు.