గుమ్మడికాయ కొయ్యడం దగ్గరే ఆగిపోతున్నా, తేలిక దారి ఏదన్నా ఉందా?

కావలి కోడలు: ఊర్నుంచి ఎర్ర గుమ్మడికాయ పంపించారు, పండగ అయిపోయినా అట్టాగే పడుంది. చాకు దిగితే మళ్లీ బయటికి రాదు, ఇంక తొక్క తీయడమంటే చేతులు నొప్పులే. మా అత్తయ్య కత్తిపీట ముందు కూర్చుని మాట్లాడుతూ మాట్లాడుతూనే తరిగేస్తారు, నా వల్ల కాదు. ఆఫీసు నుంచి వచ్చాక అరగంటలో అయిపోవాలి. మీరంతా ఎట్టా చేస్తున్నారు?

ఒంగోలు వంటిల్లు: అసలు తొక్క ఎందుకు తీయడం? పులుసులోకి తొక్కతోనే వేస్తాం, తొక్క ఉంటేనే ముక్క చితికిపోకుండా నిలబడుతుంది. ఉడికాక అది మెత్తబడుతుంది, నచ్చనివాళ్లు పళ్లెంలో పక్కన పెట్టేస్తారు. నెల్లూరోళ్లకి పులుసంటే చేపలదే అనుకుంటారు గానీ, కనుమ నాడు గారెల్లోకి గుమ్మడికాయ పులుసు పెట్టి చూడండి. ఒకటే జాగ్రత్త, ముక్క ముందు మంచినీళ్లలో ఉడకాలి, ఆ తర్వాతే చింతపండు పులుసు, బెల్లం. పులుపు ముందే పడితే ముక్క ఎంతసేపటికీ మెత్తబడదు.

కందుకూరు అన్న: మైక్రోవేవ్ ఉంటే కాయకి ఫోర్కుతో నాలుగైదు చోట్ల లోతుగా గుచ్చి రెండు మూడు నిమిషాలు పెట్టండి, తొక్క వదులై చాకు బాగా దిగుతుంది. గుచ్చకుండా పెట్టొద్దు, లోపలి ఆవిరికి పగిలే ప్రమాదం ఉంది. పెద్ద కాయ ఎటూ అందులో పట్టదు, అదే చిక్కు.

పొదిలి పిల్ల: కుక్కరే బెస్ట్ అక్కా. పెద్ద చెక్కలు చేసి గింజలు, పీచు గీకేసి, అడుగున గ్లాసు నీళ్లు పోసి పైన గిన్నెలో పెట్టి ఒక్క విజిల్. చల్లారాక స్పూనుతో గీకితే గుజ్జంతా ఊడొస్తుంది, తొక్క తీసే పనే లేదు. చపాతీ పిండిలో కలుపుతా, నెయ్యిలో వేయించి హల్వా చేస్తా.

ఒంగోలు వంటిల్లు: హల్వాకి సరే, కూరకి మాత్రం కుక్కర్ వద్దమ్మా, గంజి అయిపోతుంది. మూకుట్లో తాలింపు వేసి, ముక్కలు, ఉప్పు, పసుపు వేసి మూత పెట్టి సన్న సెగ మీద ఉంచితే చాలు. నీళ్లు పొయ్యొద్దు, కాయలో ఉన్న నీళ్లే సరిపోతాయి. పావుగంట లోపే అయిపోతుంది. ఆవ పెట్టేటట్టయితే స్టవ్ ఆపి కాస్త ఆరాక కలపాలి, వేడి మీద వేస్తే చేదొస్తుంది.

నెల్లూరు టు డల్లాస్: ఇక్కడ మన కాయ అన్నిచోట్లా దొరకదు, బటర్‌నట్ స్క్వాష్ తెచ్చుకుంటాం. నిలువుగా రెండు చెక్కలు చేసి నూనె, ఉప్పు రాసి, కోసిన వైపు కిందికి పెట్టి ఓవెన్లో 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర ముప్పావుగంట. మనం చేసేదేమీ లేదు, ఈలోగా అన్నం, చారు అయిపోతాయి. పులుసులోకీ బాగుంటుంది. స్పఘెట్టి స్క్వాష్ మాత్రం కొనకండి, ఉడికితే అంతా దారాలు దారాలుగా విడిపోతుంది, పులుసుకి పనికిరాదు.

కనిగిరి రైతుబిడ్డ: కొనేవాళ్లకి ఒక మాట. తొడిమ ఊడని కాయ, గోరు గుచ్చితే దిగని కాయ తీసుకోండి. గాలి తగిలే పొడి చోట పెడితే నెలల తరబడి ఉంటుంది. కోశాక మాత్రం ముందు కుళ్లేది గింజల దగ్గరే, అది తీసేసి ఫ్రిజ్‌లో పెట్టి నాలుగైదు రోజుల్లో వాడేయాలి. పచ్చి ముక్క నాలిక మీద పెడితే చేదుగా ఉందా, కాయ మొత్తం పారేయండి. ఉడికించినా ఆ చేదు పోదు, కడుపు పాడవుతుంది.

కావలి కోడలు: నిండు కాయని ఆడవాళ్లు కొట్టకూడదంటారు మా ఇంట్లో, కాబట్టి మొదటి దెబ్బ మా ఆయనదే. నమ్మకం సంగతేమో గానీ సగం పని తప్పింది! తొక్కతోనే కూర చేస్తా, బెల్లం లేకుండా.

ఒంగోలు వంటిల్లు: బెల్లం లేకుండా గుమ్మడికాయ కూరేంది తల్లీ!

పొదిలి పిల్ల: కాయే తియ్యగా ఉంటే మళ్లీ బెల్లం ఎందుకు పిన్నీ, ఎండుమిరపకాయలు రెండు ఎక్కువ తగలనివ్వండి. గింజలు పారేయొద్దక్కా, కడిగి ఎండబెట్టి ఉప్పేసి వేయించుకోండి.