"గోపీభాగ్య మధువ్రాత" శ్లోకంలో పై (π) విలువ: అంకెలు నిజమే, వయసు మాటేమిటి?

పద్యప్రియ: ఈ శ్లోకం వాట్సాప్‌లో మళ్లీ తిరుగుతోంది.

గోపీభాగ్య మధువ్రాత శృంగిశోదధి సంధిగ
ఖలజీవిత ఖాతావ గలహాలా రసంధర

"వేదకాలపు శ్లోకం, కటపయాదితో విప్పితే పై విలువ వస్తుంది" అని దాని కింద వ్యాఖ్య. కటపయాది అంటే అక్షరాలకు అంకెలు కట్టే పద్ధతి కదా. గో 3, పీ 1, భా 4 వరకూ బాగానే ఉంది. 'గ్య' దగ్గర గకారానికి 3 వేస్తే 3143 అవుతోంది. తప్పు ఎక్కడుంది? ఇది నిజంగా అంత పాతదా?

లెక్కలపంతులు: ముందు లెక్క చూద్దాం. "కాదినవ, టాదినవ, పాదిపంచక, యాద్యష్టక" అంటారు. క నుంచి ఝ వరకు 1 నుంచి 9, ట నుంచి ధ వరకు మళ్లీ 1 నుంచి 9, ప నుంచి మ వరకు 1 నుంచి 5, య నుంచి హ వరకు 1 నుంచి 8. ఞ, న సున్నాలు. హల్లు తోడు లేకుండా ఒంటిగా వచ్చిన అచ్చు కూడా సున్నాయే. గుణింతానికి విలువ లేదు. క, కి, కో అన్నీ 1. అనుస్వార విసర్గలను వదిలేయాలి.

సంయుక్తాక్షరంలో అచ్చుకు ఆనుకుని ఉన్న హల్లుకే విలువ. మన లిపిలో చెప్పాలంటే వత్తునే లెక్కించాలి, పైనున్న అక్షరాన్ని కాదు. కాబట్టి 'గ్య'కి యకారం 1. 'వ్రా'కి రకారం 2. వకారమని 4 వేస్తే ఏడో అంకె దగ్గర మళ్లీ తప్పుతారు. 'శృం' ఇంకో ఉచ్చు. మనం దాన్ని 'శ్రు' అని పలుకుతాం కనక రవత్తు అనుకుని 2 వేస్తారు. కానీ ఋకారం అచ్చు, అక్కడ ఉన్న హల్లు శకారం ఒక్కటే, విలువ 5.

ఇలా విప్పితే మొదటి పాదద్వయం 3141592653589793, రెండోది 2384626433832792. మొత్తం 32 అక్షరాలకు 32 అంకెలు. అందులో 31 సరైనవి. చివరి 'ర' ఇచ్చే 2 తప్పు, అక్కడ 5 ఉండాలి. ఫార్వర్డు చేసేవాళ్లు చివరిదాకా లెక్కపెట్టినట్టు లేదు.

పద్యప్రియ: బాగుంది. మరి వయసు?

లెక్కలపంతులు: వేదాల్లో ఈ శ్లోకం లేదు. పూరీ శంకరాచార్యులు భారతీకృష్ణ తీర్థ వారి 'వేదిక్ మ్యాథమెటిక్స్' ద్వారానే ఇది ప్రచారంలోకి వచ్చింది. ఆ పుస్తకం అచ్చయింది 1965లో, ఆయన నిర్యాణం తర్వాత. 1600ల మొదటికే యూరప్‌లో లుడాల్ఫ్ వాన్ కెలెన్ పై విలువను 35 స్థానాల దాకా తేల్చాడు కనక, ఆ తర్వాత ఎవరైనా ఆ అంకెలు చూసి ఇలాంటి శ్లోకం కట్టవచ్చు. శ్లోకంలోనే ఇంకో ఆనవాలుంది. ఇది ఎడమ నుంచి కుడికి చదివితేనే కుదురుతుంది. పాత శాస్త్రకారుల పద్ధతి "అంకానాం వామతో గతిః", అంటే మొదటి అక్షరం ఒకట్ల స్థానం. కేరళ కవి మేల్పత్తూరు నారాయణ భట్టతిరి నారాయణీయాన్ని ముగించిన "ఆయురారోగ్యసౌఖ్యమ్" చూడండి: 0, 1, 2, 2, 1, 7, 1. తిరగేస్తే 1712210. అది రచన పూర్తయిన కలిదిన సంఖ్య, అంటే కలియుగం మొదలు లెక్కపెట్టిన రోజులు, క్రీ.శ. 1586కు సరిపోతుంది. పొల్లు మకారానికి విలువ లేదని గమనించండి.

చరిత్రకారి: అయితే మనవాళ్లకు పై తెలియదనా మీ ఉద్దేశం?

లెక్కలపంతులు: అయ్యో, కానే కాదు. అసలైన ఆధారాలు ఉండగా ఈ ఫార్వర్డు ఎందుకనే నా బాధ.

క్రీ.శ. 499లో ఆర్యభటుడు వ్యాసం 20000 అయితే పరిధి 62832 అన్నాడు, అంటే 3.1416. దాన్ని 'ఆసన్నః' అన్నాడు, దగ్గరి విలువ మాత్రమేనని. 14వ శతాబ్దిలో కేరళలోని సంగమగ్రామ మాధవుడు "విబుధనేత్రగజాహిహుతాశన..." అని భూతసంఖ్యల్లో, అంటే వస్తువుల పేర్లనే అంకెలుగా వాడి, చెప్పాడు. విబుధులు 33, నేత్రాలు 2, గజాలు 8, అహులు 8, హుతాశనుడు 3. అలా సాగి, కుడి నుంచి పేరిస్తే 2827433388233. ఇది 9 పక్కన 11 సున్నాలున్న వ్యాసానికి పరిధి. భాగించి చూడండి, దశాంశ బిందువు తర్వాత పది స్థానాలు తప్పు లేకుండా వస్తాయి.

కటపయాదిలోనే కావాలంటే కడత్తనాడు రాజకుటుంబీకుడు శంకరవర్మ 'సద్రత్నమాల'లో ఉంది. ఇది 19వ శతాబ్ది తొలినాళ్లది.

స్యాద్ భద్రాంబుధిసిద్ధజన్మగణితశ్రద్ధా స్మ యద్భూపగీః

శార్దూల పాదం, 19 అక్షరాలు. 'స్యాద్' వదిలితే 18. భ 4, ద్రాం 2, బు 3, ధి 9, సి 7, ద్ధ 9, జ 8, న్మ 5, గ 3, ణి 5, త 6, శ్ర 2, ద్ధా 9, స్మ 5, య 1, ద్భూ 4, ప 1, గీః 3. తిరగేయండి: 314159265358979324. వ్యాసం పరార్ధం, అంటే 1 పక్కన 17 సున్నాలు. వ్యాసాన్ని అంత పెద్దగా తీసుకోవడం వల్లే దశాంశ బిందువు అవసరం పడలేదు. చివరి 4 కూడా సవరించి వేసిన అంకె. అసలు అక్కడ 38 అని సాగుతుంది. 32 అంకెల గొప్పకన్నా ఈ 18 అంకెల నిక్కచ్చితనమే నాకు గొప్పగా తోస్తుంది.

తంబుర: కర్ణాటక సంగీతంలోని మూల రాగాలైన మేళకర్తలకూ ఇదే సూత్రమా? చక్రవాకం వరుస సంఖ్య 16 కదా. 'క్ర'కి వత్తు తీసుకుంటే 26 వస్తోంది!

లెక్కలపంతులు: సంగీతంలో పట్టు కాస్త సడలింది. మొదటి రెండక్షరాలు తీసుకుని తిరగేయడం వరకూ అదే పద్ధతి. ధీరశంకరాభరణం: ధీ 9, ర 2, తిరగేస్తే 29. పాత రాగాల పేర్లకు ధీర, మేచ, హనుమ చేర్చింది సంఖ్య కుదరడానికే. వత్తు దగ్గర మాత్రం రెండు దారులూ ఉన్నాయి. రత్నాంగి (2), ధర్మవతి (59), సూర్యకాంతం (17) వత్తును పాటిస్తాయి. చక్రవాకం, దివ్యమణి (48), విశ్వంభరి (54) వత్తును వదిలి పైనున్న అక్షరాన్ని తీసుకుంటాయి.

అనుమానం వస్తే స్వరాలతో తేల్చుకోండి. మేళకర్తలను ఆరేసి రాగాల చక్రాలుగా విడదీస్తారు. 16 మూడో చక్రంలో నాలుగోది: శుద్ధ రిషభం, అంతర గాంధారం, చతుశ్శ్రుతి ధైవతం, కైశికి నిషాదం. అదే చక్రవాకం. 26 అయిదో చక్రంలో రెండోది, అక్కడ చతుశ్శ్రుతి రిషభం, శుద్ధ ధైవతం ఉంటాయి. ఆ చోటు చారుకేశిది.